పూలచెట్టుకు పోసిన మందు ఎందాకా పోతుంది?



మీరు చిన్నతనంలో నూరువరహాల గుత్తిలో నుంచి ఒక పువ్వు తుంచి, కాడను మెల్లగా లాగి, కొసన నిలిచిన తేనెబొట్టును చప్పరించే ఉంటారు. మా బడిపిల్లలు ఈనాటికీ ఆ పని చేస్తున్నారు. మాది కోలారు జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బడి ముందర నూరువరహాలు, మందారాలు కలిపి పెంచిన కంచె ఒకటి ఉంది. ఆ కంచె చివర, వంటగది పక్కన, ఒక కరివేపాకు చెట్టు ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఆ మందారాలకు పిండినల్లి పట్టింది. కొమ్మలన్నీ తెల్లగా దూదిపింజలు అతికించినట్లయినాయి. పట్నంలో మందుల అంగడికి వెళ్ళి చెబితే ఒక చిన్న సీసా ఇచ్చి, "నీళ్ళలో కలిపి మొదట్లో పొయ్యండి. పైన చల్లే పని కూడా లేదు. మందు తానే ఆకు ఆకుకూ ఎక్కుతుంది" అన్నారు. నాకు అది ఎంతో సుళువైన ఉపాయంగా తోచింది. మరునాడు సాయంత్రం బకెట్టు ముందు పెట్టుకుని సీసా మూత తీయబోతుంటే, మధ్యాహ్న భోజనం వండే అక్క వచ్చి నిలబడింది. సంగతి విని, "టీచరమ్మా, ఆకు ఆకుకూ ఎక్కే మందైతే, పక్కనుండే కరేపాకుకు మాత్రం ఎక్కదా? వేర్లకు గోడలుంటాయా?" అని అడిగింది.

బి.ఇడి. చదివిన నాకు తట్టని ప్రశ్న అది. సీసా మూత మళ్ళీ బిగించాను. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే ఒక చరిత్రే బయటపడింది. దాన్నే ఈ రోజు మీతో పంచుకోదలచాను. పూలచెట్లకు, అందం కోసం పెంచే మొక్కలకు, నీడనిచ్చే చెట్లకు మందు వేయాలనుకునే ప్రతివారూ తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

మొదట మాట అర్థం చూద్దాం. కొన్ని మందులు ఆకు పైన పడి, పురుగుకు తగిలినప్పుడే చంపుతాయి. మరికొన్ని వేరు ద్వారా, ఆకు ద్వారా, లేదా కాండంలోకి ఎక్కిస్తే కాండం ద్వారా మొక్క లోపలికి ప్రవేశించి, దాని రసంతో కలిసి ప్రయాణం చేస్తాయి. వీటిని అంతర్వాహిక మందులు అంటారు. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి వంటి రసం పీల్చే పురుగులు ఆ రసం తాగి చస్తాయి. అంటే ఇక్కడ మందు మొక్క మీద ఉండదు, మొక్కే కొంతకాలం మందుగా మారుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే, జాగ్రత్తలన్నీ దానిలో నుంచే పుడతాయి.

ఈ ఆలోచనకు దారి చూపింది అమెరికాలోని కొన్ని నేలలు. అక్కడ కొన్ని ప్రాంతాల మట్టిలో సెలీనియం అనే మూలకం ఎక్కువ. ఆ నేలల్లో పెరిగిన పైరు తిన్న పశువులు జబ్బు పడేవి. 1936లో ఆనీ హర్డ్ కారర్, పూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, సెలీనియం పీల్చుకున్న మొక్కల మీద పేనుబంక బతకలేకపోతున్నదని ప్రకటించారు. అయితే సెలీనియం మనిషికీ విషమే గనుక తిండిపంటలకు పనికిరాదు. అందుచేత దానిని తినని మొక్కలకు వాడవచ్చునని అనుకున్నారు. అలా అద్దాల ఇళ్ళలో పెంచే చామంతి, కార్నేషన్ పూలమొక్కల మట్టిలో సోడియం సెలినేట్ వేయటం మొదలయింది.

గమనించారా? మొక్క లోపలికి ఎక్కే మందు మొట్టమొదట వాడుకలోకి వచ్చిన చోట్లలో చామంతి మడి ఒకటి. దానికి చెప్పిన కారణం "పూలు ఎవరూ తినరు కదా" అన్నది. ఈ మాట మీ చెవిలో ఉంచుకోండి. దీని దగ్గరికి మళ్ళీ వద్దాం.

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందూ, యుద్ధకాలంలోనూ జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు భాస్వర సంబంధమైన సేంద్రియ సమ్మేళనాలపై పని చేశాడు. పురుగుల కోసం మొదలుపెట్టిన ఆ పనిలోనే 1936లో టాబున్ అనే యుద్ధవిషం కూడా బయటపడింది. పురుగు నరాల మీద పనిచేసే విషం మనిషి నరాల మీద కూడా పనిచేస్తుందని దీనితో తెలుస్తున్నది. ఆ కుటుంబంలోనే మొక్క లోపల ప్రయాణం చేసే మందును కనుగొన్నారు. దానికి ఆయన పేరు మీదనే ష్రాడాన్ అని పేరు వచ్చింది. 1950 దశకంలో డెమెటాన్, డైమిథోయేట్, ఆ తరువాత 1965 ప్రాంతంలో మోనోక్రోటోఫాస్ వచ్చాయి. ఈ చివరి రెండు పేర్లు మన రైతులకు కొత్తవి కావు.

మన దేశంలో వీటికి చట్టం ఒక పెద్ద దుర్ఘటన తరువాత వచ్చింది. 1958లో కేరళలో నూరుమందికి పైగా ప్రజలు చనిపోయారు. ఇదే కుటుంబానికి చెందిన పారాథియాన్ అనే మందు ఓడలో తిండిసరుకుల పక్కనే రవాణా అయి, కారి, వాటిలో కలిసింది. దానిపై విచారణ జరిగింది. తరువాత 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నియమావళి వచ్చాయి. ఇప్పుడు సీసా మీద మీరు చూసే రంగు త్రికోణం ఆ నియమావళి ఇచ్చినదే. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ విషం. కాని తక్కువ అంటే లేదని కాదు. పైగా ఆ రంగు మనుషుల వంటి జంతువులకు కలిగే అపాయాన్ని బట్టి పెట్టినది. తేనెటీగకు అది కొలత కాదు.

1960 దశకంలో కార్బమేట్ వర్గపు అంతర్వాహిక మందులు వచ్చాయి. వాటిలో ఆల్డికార్బ్, కార్బోఫ్యురాన్ గుళికలు ముఖ్యమైనవి. గుళికలు చల్లటం తేలిక. వేరు దగ్గర వేసి మట్టి కప్పితే చాలు. గులాబీ మొదట్లో చారెడు గుళికలు వేయటం మన పెరళ్ళలో కూడా అలవాటయింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలాదిమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేట్ వాయువు, కార్బమేట్ మందుల తయారీకే నిలవ చేసినది. మరుసటి ఏడాది, 1985లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో పుచ్చకాయలు తిని వందలమంది జబ్బు పడ్డారు. పుచ్చతీగకు వాడకూడని ఆల్డికార్బ్‌ను వాడినందున అది కాయలోకి చేరింది. పైన కడిగితే పోయే మందు కాదు అది. కాయ లోపలే ఉన్న మందును ఏ నీళ్ళు కడుగుతాయి?

ఉపాధ్యాయులకు నిద్ర పట్టనివ్వని సంగతి మరొకటి ఉంది. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు 23 మంది చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉందని పరీక్షలో తేలింది. ఆ వార్త చదివిన రోజు నేను మా వంటగదిలోని ప్రతి డబ్బా మూత తీసి వాసన చూశాను. అది సరైన పరీక్ష కాదని ఇప్పుడు తెలుసు. సరైన పని ఒక్కటే. మందు డబ్బా వంటింటి గడప తొక్కకూడదు, ఖాళీ అయినా సరే.

ప్రభుత్వం ఒక్కొక్కటిగా వీటిని తొలగిస్తూ వచ్చింది. ఆల్డికార్బ్‌ను 2001లో నిషేధించారు. ఫోరేట్, ఫాస్ఫామిడాన్‌ల వాడకం 2020 డిసెంబరు 31తో ఆగిపోవాలని 2018లో ఆజ్ఞ వచ్చింది. అందుచేత అటక మీద పాత గుళికల పొట్లం ఏదైనా ఉంటే, "ఊరికే పారవేయటమెందుకు, పూలకుండీలో వేద్దాం" అనుకోకండి. దాన్ని ఏం చేయాలో వ్యవసాయాధికారిని అడగండి.

ఇక మన కాలానికి వద్దాం. 1980 దశకంలో జపానులో షింజో కగబు అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు పొగాకులోని నికోటిన్‌ను పోలిన ఇమిడాక్లోప్రిడ్‌ను తయారు చేశారు. 1991లో అది అమ్మకానికి వచ్చింది. దాని వెంట థయామిథాక్సామ్, డైనోటెఫ్యురాన్ మొదలైనవి వచ్చాయి. పాత భాస్వర మందులతో పోలిస్తే ఇవి మనిషికి తక్కువ అపాయకరం. చెట్లను కాపాడటంలో వీటి మేలును కాదనలేము. అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతంలో 2002లో బయటపడిన ఒక ఆకుపచ్చ పురుగు, బెరడు కింద తొలుచుకుంటూ కోట్లాది యాష్ చెట్లను చంపింది. పైన చల్లిన మందు బెరడు కిందికి చేరదు. అటువంటి చోట చెట్టు మొదట్లో పోసిన మందో, కాండంలోకి ఎక్కించిన మందో ఎన్నో వీధిచెట్లను నిలబెట్టింది. కనుక అంతర్వాహిక మందు దుష్టమైనదని నేను చెప్పటం లేదు. దాని పని ఎక్కడో అక్కడే దానికి చోటు.

చోటు తప్పితే ఏమవుతుందో అమెరికాలోనే జరిగిన రెండు ఉదాహరణలు చెబుతాను. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కాండం తొలిచే ఒక పురుగు నుంచి కాపాడటానికి ఎల్మ్ చెట్లకు ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. ఆ చెట్ల మీద ఎర్రనల్లి విపరీతంగా పెరిగింది. ఈ మందు నల్లిని చంపలేదు, దానిని తినే మిత్రపురుగులకు మాత్రం హాని చేసింది. పైగా మందు తాగిన ఆకుల మీద నల్లి మరింతగా గుడ్లు పెట్టిందని పరిశోధకులు తేల్చారు.

రెండవది ఆరెగాన్ రాష్ట్రంలోని విల్సన్‌విల్ అనే ఊళ్ళో 2013 జూన్‌లో జరిగింది. ఒక పెద్ద అంగడి ముందర, కార్లు నిలిపే చోట లిండెన్ చెట్లున్నాయి. వాటికి పేనుబంక పట్టింది. పేనుబంక విసర్జించే జిగురు కింద కార్ల మీద పడుతుంది. చెట్లు నిండా పూసి ఉండగా డైనోటెఫ్యురాన్ చల్లారు. 50,000కు పైగా బంబుల్ జాతి తేనెటీగలు కింద రాలిపోయాయి. మిగిలినవైనా బతకాలని చెట్లకు వలలు కప్పవలసి వచ్చింది. పూసి, తేనెటీగలు వాలుతున్నప్పుడు చల్లరాదని ఆ మందు డబ్బా మీదనే రాసి ఉంది. 2015లో ఆ రాష్ట్రం లిండెన్ చెట్లపై ఈ వర్గపు నాలుగు మందులను నిషేధించింది. ఐరోపా సంఘం 2018లో ఇమిడాక్లోప్రిడ్ మొదలైన మూడు మందులను ఆరుబయట వాడరాదని తీర్మానించింది.

ఇప్పుడు మొదటి మాట దగ్గరికి వద్దాం. "పూలు ఎవరూ తినరు కదా" అన్నారు. పడమటి దేశాల తోటలో అందానికి పెంచేది వేరు, తినేది వేరు. మన పెరట్లో ఆ గీత ఎక్కడుంది, చెప్పండి? చామంతి మూరలు కొప్పులో పెట్టుకుంటాము. మందార ఆకులు నూరి తలకు రాసుకుంటాము. గులాబీ రేకులు పిల్లలు నములుతారు. ఉగాది పచ్చడికి వేపపువ్వు వీధిలోని చెట్టు నుంచే దులుపుకుంటాము. తులసి కోట పక్కన క్రోటన్, క్రోటన్ పక్కన కరివేపాకు. పైగా మందు చేరేది ఆకులోకి మాత్రమే కాదు. మకరందంలోకి, పుప్పొడిలోకి కూడా చేరుతుంది. మా పిల్లలు చప్పరించే తేనెబొట్టు ఆ మకరందమే.

మరొక తేడా కూడా ఉంది. చల్లని దేశాల పుస్తకాలు "పూత ముగిసిన తరువాత మందు వేయండి" అని చెబుతాయి. ఏడాదికి ఒకసారి పూసే చెట్టుకు అది మంచి సలహా. మందారానికి, నూరువరహాలకు మన సీమలో పూత ముగిసేదెప్పుడు? ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటాయి, తేనెటీగలు, తేనెపిట్టలు వాలుతూనే ఉంటాయి. అందుచేత ఎప్పుడూ పూసే మొక్కకు ఈ మందు వేయటానికి తగిన రోజు క్యాలెండరులో లేదన్నమాట.

మరి పిండినల్లిని ఏం చేయాలి? దానికి జవాబు దూరదేశం నుంచి రానక్కర లేదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి అనే కొత్త పురుగు కనిపించింది. బొప్పాయినే కాక మల్బరీని, మందారాన్ని, దేవగన్నేరును కూడా పట్టింది. మందు మీద మందు కొట్టినా అది లొంగలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి ఒక చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి, పెంచి, తోటల్లో వదిలింది. కంటికి సరిగా కనిపించని ఆ ప్రాణి పిండినల్లిని అదుపులోకి తెచ్చింది. ఆ కందిరీగ పనిచేసే చోట విషం పోస్తే, నష్టపోయేది మనమే. పట్టుపురుగులు పెంచే మా జిల్లాలో ఇంకొక భయం కూడా ఉంది. మల్బరీ గట్టున పూలచెట్టుకు మందు పోస్తే, అది మల్బరీ ఆకుకు చేరి, ఆ ఆకు తిన్న పట్టుపురుగుల చట్రికలన్నీ ఖాళీ కావచ్చు.

కాబట్టి మొదట చేయవలసినవి ఇవి. పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చండి. గట్టి ధారతో నీళ్ళు కొట్టి పురుగును రాల్చండి. సబ్బునీళ్ళు, వేపనూనె వాడండి. చీమలను అడ్డుకోండి, ఎందుకంటే పిండినల్లి ఇచ్చే తీపి కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. అక్షింతల పురుగులు కనబడితే వాటిని బతకనివ్వండి.

ఇవన్నీ చేసినా విలువైన చెట్టు చనిపోయేటట్లుంటే, అప్పుడు అంతర్వాహిక మందు గురించి ఆలోచించండి. ఆ చెట్టు దగ్గర తినే మొక్క, బావి, కాలువ లేవని చూసుకోండి. సీసాతో వచ్చే కరపత్రం చదవండి. అది మీకు రాని భాషలో ఉంటే చదవగలవారి చేత చదివించుకోండి. మీ మొక్కకు వాడమని అందులో లేకపోతే వాడవద్దు. చెప్పిన కొలతను మించకండి, రెండింతలు పోస్తే రెండింతల గుణం రాదు. ముందురోజు నేల తడపండి. ఎండిన నేలలో వేరు మందును పీల్చదు. ఎండుటాకులు పక్కకు తీసి, మొదటి చుట్టూ మట్టిలో పోయండి. వాన వచ్చేటట్లున్న రోజున, నీరు నిలిచిన నేలలో పోయకండి. పెద్ద చెట్టులో మందు పైకి ఎక్కటానికి వారాలు పడుతుంది. ఫలితం లేదని మళ్ళీ మళ్ళీ పోయటమే చాలామంది చేసే పొరపాటు. కొన్ని మందులు మట్టిలో నెలల తరబడి, చెట్టులో ఏడాదికి పైగా కూడా నిలుస్తాయి.

చేతికి రబ్బరు తొడుగులు, నిండుచేతుల చొక్కా వేసుకోండి. పిల్లలను దూరంగా పంపండి. మందును తాగే నీళ్ళ సీసాలో, సోడా సీసాలో ఎన్నడూ పోయకండి. పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి, బట్టలు విడిగా ఉతకండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళను మందు కలిపిన బకెట్టులోనే పోసి, మరెవరూ వాడకుండా డబ్బాకు చిల్లులు పొడవండి. ఎవరికైనా చెమటలు, చొల్లు కారటం, చూపు మసకబారటం, ఊపిరి ఆడకపోవటం కనిపిస్తే ఇంటివైద్యం చేయకుండా, బలవంతంగా వాంతి చేయించకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మందు సీసాను కూడా వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే వైద్యుడు తగిన విరుగుడు ఇవ్వగలడు.

మా బడి కంచె సంగతి ఏమయిందని మీరు అడగవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు, నేను కలిసి పట్టిన కొమ్మలన్నీ కత్తిరించాము. వారానికి రెండుసార్లు సబ్బునీళ్ళు కొట్టాము. చీమల బారులు ఎక్కకుండా మొదళ్ళకు జిగురు గుడ్డ చుట్టాము. మందారాలు రెండు పోయాయి. తక్కినవి రెండు నెలలకు చిగురించాయి. మూత తీయని సీసాను అంగడిలో తిరిగి ఇచ్చేశాను. డబ్బు తిరిగి రాలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆరో తరగతి పిల్ల ఒకతి నూరువరహాల పువ్వు తుంచి కాడ లాగుతుంటే కిటికీలో నుంచి చూశాను. ఆ పిల్లను వారించవలసిన పని నాకు పడలేదు. వంటగదిలో పోపు వాసన వస్తున్నది, అందులో మా కరివేపాకే ఉంది. మీరు మీ పెరట్లో మందు సీసా మూత తీసే ముందు మా వంట అక్క అడిగిన ప్రశ్న ఒక్కసారి అడిగి చూసుకోండి. వేర్లకు గోడలుంటాయా?